ఆ ట్యూబు వెనక చదివావా, అమ్మలూ?

అమలాపురం

అమ్మలూ,

ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నిన్న వీడియోలో నీ బుగ్గలు చూసి మామ్మ మురిసిపోయింది, పిల్ల తెల్లబడిందని. నాకు గుండె గుభేలుమంది. బుగ్గల మీద సన్నటి ఎర్ర దారాల్లా రక్తనాళాలు కనిపించాయి. రూమ్మేట్ ఇచ్చిన క్రీమ్ మూణ్ణెల్లుగా రాస్తున్నానన్నావు. ట్యూబు వెనక క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడే.

మొన్న పండుమిరపకాయల పచ్చడి తొక్కాను. రాత్రంతా అరచేతులు నిప్పుల మీద పెట్టినట్టే ఉన్నాయి. నీళ్ళతో ఎంత కడిగినా తగ్గలేదు. మామ్మ కొబ్బరినూనె రాసి తుడిచాక నిమ్మళించింది. కారం నూనెలో కరుగుతుంది కదా. చెయ్యి కాలిందీ లేదు, బొబ్బెక్కిందీ లేదు. చర్మంలో నరాల కొసన వేడిని పసిగట్టే రిసెప్టర్‌నే, అంటే కబురందుకునే ప్రోటీన్‌నే, కారంలోని క్యాప్సైసిన్ కూడా మీటుతుంది. డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం ఆ రిసెప్టర్‌ను 1997లో కనిపెట్టింది. 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది.

నీ క్రీమూ ఇలాగే ఓ రిసెప్టర్‌నే మీటుతుంది. కాకపోతే స్టెరాయిడ్ రిసెప్టర్ కణం గుమ్మంలో కాదు, లోపల ఉంటుంది. మన ఒంట్లో పుట్టే కార్టిసాల్ అనే హార్మోన్ కోసం ఉన్నదది. క్రీమ్‌లోని మందు దానికి అతుక్కుంటే, రెండూ కలిసి కేంద్రకంలోకి వెళ్ళి వాపు రేపే జన్యువుల నోరు నొక్కేస్తాయి. అందుకే ఎరుపు, దురద చప్పున తగ్గుతాయి. దాంతోపాటు చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీ కూడా తగ్గి చర్మం పలచబడుతుంది. ఎగ్జిమాకు డాక్టర్ చూసి, ఇన్ని రోజులని రాసిస్తే ఇదే మందు ఎంతో మేలు చేస్తుంది. ముఖం తెల్లబడ్డానికి మాత్రం కాదు.

నాన్నగారి తామర గుర్తుందా? ఊడ్పుల్లో తడిబట్టలతో ఉండి గజ్జల్లో వస్తే, మందుల షాపులో అడిగి ఇలాంటి ట్యూబే తెచ్చుకున్నారు. దురద పోయింది, తామర పోలేదు. చర్మానికి కాపలా కాసే కణాలు చల్లబడ్డాయి, ఫంగస్ హాయిగా పెరిగింది. రూపాయి బిళ్ళంత మచ్చ తొడంతా పాకింది. అంచులు చెదిరిపోయి, తామరని పోల్చుకోవడానికి డాక్టర్ పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూడాల్సి వచ్చింది.

క్రీమ్ మానగానే ముఖం ఎర్రబడి మండొచ్చు, మొటిమలు లేవొచ్చు. అప్పుడు హడలిపోయి మళ్ళీ రాసేస్తావేమోనని నా టెన్షన్. ఇంకో ట్యూబు కొనకు. ఉన్నదాన్ని పట్టుకుని ఈ శనివారమే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఎలా మానాలో ఆయన చెబుతారు. నీ చామనఛాయ తాతగారిది. నాకదే ముద్దు.

ఉత్తరం చదవగానే ట్యూబు వెనకవైపు ఫొటో తీసి పంపు.

అమ్మ