గామెలాన్ శ్రుతి గురించి

అందరికీ నమస్కారం. నిన్న పెట్టిన జావా గామెలాన్ (ఇండోనేషియాలో ఎక్కువగా కంచు వాద్యాలతో సాగే వాద్యబృందం) ఆడియో విని "శ్రుతి తప్పింది కదా" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తప్పలేదండీ. అక్కడ ఏ వాద్యాల సెట్ శ్రుతి ఆ సెట్‌దే. ఒకదానిలోని సారోన్ (కంచు పలకల వాద్యం) పట్టుకెళ్లి ఇంకోదాంట్లో వాయిస్తే కలవదు. అక్కడ స్వరాల వరసలు రెండు: స్లేంద్రోలో అయిదు స్వరాలు, పేలోగ్‌లో ఏడు. స్లేంద్రో వింటే మన మోహనం గుర్తొస్తుంది గానీ, హార్మోనియం మీద దొరకదు (నేను ప్రయత్నించి వదిలేశాను).

వీడియో చూసేవాళ్లు సారోన్ వాయించే ఆయన ఎడమచేతిని గమనించండి. కుడిచేత్తో చిన్న సుత్తితో కంచు పలకను కొడతాడు. తర్వాతి పలక కొట్టగానే ముందుదాన్ని ఎడమచేతి వేళ్లతో పట్టుకుని మోత ఆపేస్తాడు. ఆపకపోతే అంతా గోలే! లయ నడిపేది కెండాంగ్, మన మృదంగంలా రెండువైపులా వాయించే వాద్యం. ఆవర్తం ముగిసేచోట పెద్ద గాంగ్ ఒక్కసారి మోగుతుంది. అన్నట్టు, అక్కడ వాద్యాల్ని దాటకూడదు, పక్కనుంచి తిరిగి వెళ్లాలి.

1977లో వాయేజర్ వ్యోమనౌకలతో అంతరిక్షంలోకి పంపిన రికార్డులో మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాటతో పాటు జావా గామెలాన్ కూడా ఉంది. అది రాత్రికి పెడతాను. ఇయర్‌ఫోన్స్‌తో వినండి, ఫోన్ స్పీకర్లో గాంగ్ సరిగ్గా వినపడదు.