కంప్యూటర్ డ్రాకు సీడ్ (ఆరంభసంఖ్య) అందరి ఎదుటే తేల్చాలి

సంపాదకులకు,

ఇళ్ల స్థలాలకైనా బడి సీట్లకైనా లాటరీ అంటే ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్ డ్రాయే. ఈమధ్య ఒక బంధువు తరఫున అలాంటి డ్రాకు వెళ్లాను. ఉద్యోగి మీట నొక్కగానే తెరపై జాబితా వచ్చేసింది. ఎలా వచ్చిందని ఒక పెద్దాయన అడిగితే ‘సిస్టమ్ తీసిందండీ’ అన్నారు. అందులో మోసం ఉందని నేననను. లేదని నమ్మడానికి ఆధారమూ కనబడలేదు. డబ్బాలో చీటీలు వేసి పసివాడి చేత తీయించిన రోజుల్లో కలపడమైనా కళ్లారా చూసేవాళ్లం.

నాణెం ఇరవైసార్లు ఎగరేస్తే అన్నిసార్లూ బొమ్మే పడే అవకాశం 10,48,576లో ఒకటి. బొమ్మాబొరుసులు అడ్డదిడ్డంగా పడిన ఏ ఒక్క వరుసకైనా అవకాశం సరిగ్గా అంతే. అయినా మొదటిదాన్నే ఎందుకు అనుమానిస్తాం? ఏ పందెం పద్ధతికీ లొంగని వరుసే యాదృచ్ఛికమని (ర్యాండమ్ అని) 1919లో గణితవేత్త ఫాన్ మీసెస్ నిర్వచించబోయారు గానీ అది నిలవలేదు. దాన్ని మళ్లీ చేపట్టిన రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలపై తన వ్యాసాన్ని 1963లో ప్రచురించింది మన దేశంలోనే, సి.ఆర్.రావు గారు పనిచేసిన కలకత్తా గణాంక సంస్థ పత్రిక ‘సాంఖ్య’లో. 1965లో ఆయన తేల్చిన మాట ఇది: ఒక వరుసను పుట్టించగల అతి చిన్న ప్రోగ్రాం దాదాపు ఆ వరుసంత పొడవూ ఉంటేనే అది యాదృచ్ఛికం. ‘అన్నీ బొమ్మలే’ అని రెండు మాటల్లో చెప్పేయవచ్చు. అడ్డదిడ్డపు వరుసను మొత్తం చదివి వినిపించాల్సిందే. అమెరికాలో సోలొమనాఫ్, చైటిన్ అనే పరిశోధకులు విడివిడిగా ఇలాంటి ఆలోచనకే వచ్చారు.

అయితే ఆ అతి చిన్న పొడవును ప్రతి వరుసకూ లెక్కగట్టే ప్రోగ్రాం అసలు ఉండదని రుజువైంది. కాబట్టి వచ్చిన జాబితాను ఎంత పరీక్షించినా అది నిజంగా యాదృచ్ఛికమని ఎవరూ ధ్రువీకరించలేరు. పైగా మామూలు ప్రోగ్రాం ఇచ్చే ‘ర్యాండమ్’ సంఖ్యలన్నీ కొద్ది పంక్తుల సూత్రం నుంచీ, సీడ్ అనే ఒక ఆరంభసంఖ్య నుంచీ పుట్టేవే. ప్రోగ్రాం, దరఖాస్తుల వరుస, సీడ్ ముందే తెలిసినవారికి ఫలితమూ ముందే తెలుస్తుంది.

ఓట్ల లెక్కింపులో ప్రతి అసెంబ్లీ సెగ్మెంటుకూ 5 పోలింగ్ కేంద్రాల వీవీప్యాట్ చీటీలను (ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలను) ఓటింగ్ యంత్రం లెక్కతో సరిచూస్తారు. ఆ కేంద్రాలను అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట లాటరీ తీసే ఎంచుతారు. మిగతా డ్రాలకు అంతటి శ్రమ అక్కర్లేదు. వరుస సంఖ్యలతో దరఖాస్తుల జాబితా, వాడబోయే ప్రోగ్రాం ముందురోజే ప్రకటించి, సీడ్‌ను మాత్రం డ్రా జరిగే చోట దరఖాస్తుదారులే పాచికలు వేసి తేల్చేలా అధికారులు నిబంధన పెట్టాలి. అప్పుడు అనుమానమున్నవారు అదే ప్రోగ్రాంను ఇంట్లో నడిపి జాబితా సరిచూసుకోగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
విజయవాడ