బావకి, విమానం కర్ర గురించి

విజయనగరం
ఆదివారం, రాత్రి పదకొండు

ఒరే బావా,

కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటరు ఆటకి ఈ యోకు సెట్టు కొననా అని అడిగిన నీ మెసేజీ వచ్చి మూడు రోజులైంది. రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదు, అందుకని ఉత్తరమే రాస్తున్నాను. మీ చెల్లెమ్మా పాపా పడుకున్నారు, బయట వాన. నువ్వు పంపిన ఫోటో మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ యోకు, అదే విమానం స్టీరింగు పిడి, పక్కన ఇంజను జోరు పెంచే ఆరు మీటల థ్రాటిల్ పెట్టె, దాని మీద స్విచ్చుల పలక చూస్తే నిజం విమానం ముక్కు ఊడదీసి బల్ల మీద పెట్టినట్టే ఉంది. ఎవరికైనా మనసు పోతుంది. కానీ కొనకు. కనీసం ఈ ఉత్తరం చదివేదాకా ఆగు.

పది వేలున్నాయన్నావు. అది చాలు, బాగా ఎగరొచ్చు. కాకపోతే ఆ డబ్బంతా చేతుల మీద పెట్టేస్తే కాళ్ళకి ఏమీ మిగల్దు. విమానాన్ని కిందికి దించేటప్పుడు కాళ్ళతోనే అసలు పని. నేను రెండేళ్ళు తప్పుదారిన తిరిగి తెలుసుకున్నదిదే.

మొదట నేను తెచ్చిన స్టిక్, అదే విమానం కర్ర, నీకు గుర్తుందా? విశాఖలో ఎవరో పాతది అమ్ముతుంటే బస్సెక్కి వెళ్ళి తెచ్చాను. పట్టుకుంటే చేతికి బాగానే నప్పింది, బోలెడు మీటలు. వానాకాలం వచ్చేసరికి ముట్టుకోకుండానే విమానం కుడికి ఒరగడం మొదలెట్టింది. విప్పి చూస్తే లోపల పాట్ ఉంది. పొటెన్షియోమీటర్ అంటారు పూర్తిగా. అంటే పాత రేడియోలో సౌండు మీట వెనక ఉండేదే. కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు నాలిక రాసుకుంటూ తిరుగుతుంది. మీ తాతగారింట్లో రేడియో సౌండు పెంచితే బరబరమనేది చూడు, ఆ పట్టీ అరిగినా, దుమ్మూ చెమ్మా పట్టినా అలగే అవుతుంది. రేడియోలో అది చెవికి వినిపించేది, ఇక్కడ విమానం రెక్కల్లో కనిపిస్తుంది. కాంటాక్టు క్లీనరు కొట్టాను, నాలుగు వారాలు బాగుంది, మళ్ళీ మొదలు.

అందుకని స్టిక్ కొనేటప్పుడు మీటలు ఎన్ని అని అడక్కు. లోపల హాల్ సెన్సరా, పాటా అని అడుగు. 1879లో ఎడ్విన్ హాల్ అనే ఆయన కనిపెట్టిన సూత్రం అది. కరెంటు పారుతున్న రేకు దగ్గరికి అయస్కాంతం తెస్తే రేకుకి అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుంది. స్టిక్ అడుగున అయస్కాంతం కదులుతుంది, సెన్సరు దూరంగా కూచుని కొలుస్తుంది. ఒకదాన్నొకటి తాకవు గనక అరగడానికి ఏమీ లేదు. మన తీరపు జిల్లాల్లో ఈ చెమ్మకి దాని విలువ ఇంకా ఎక్కువ.

నీ డబ్బులో అలాంటిది థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎమ్. ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ కదిలేదానికి హాల్ సెన్సర్లు. ఒక్కో దిక్కున పదహారు వేల మెట్లు చదువుతుంది, ఆ పేరులో ఉన్న అంకె అదే. కుడిచేతికీ ఎడమచేతికీ మార్చుకోవచ్చు. నువ్వు ఎయిర్‌బస్ ఏ320 నడపాలనుకుంటే అది పనికొస్తుంది, ఎందుకంటే కెప్టెన్ ఎడమ సీట్లో కూచుని ఎడమచేత్తో కర్ర పట్టుకుంటాడు, కుడిచెయ్యి థ్రాటిల్ మీద. ఇదే స్టిక్ ఆధారంగా 2020లో ఎయిర్‌బస్ రూపంతో టీసీఏ సైడ్‌స్టిక్ కూడా తెచ్చారు. నీకు ఆ రూపం నచ్చితే అది తీసుకో, లోపలి సరుకు దాదాపు ఒకటే. ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకో: కర్రని మెలితిప్పితే రడ్డర్, అదే ముక్కుని అటూ ఇటూ తిప్పే తోక పలక, తిరుగుతుంది కదా, ఆ మెలితిప్పే భాగానికి మాత్రం టీ.16000ఎమ్‌లోనూ పాటే ఉంది. ముందు అరిగేది అదే.

డబ్బు ఇంకా తగ్గించాలంటే లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో ఉంది. మెలితిప్పే కర్ర, అడుగున చిన్న థ్రాటిల్ మీట, పన్నెండు బటన్లు. మొదలెట్టడానికి ఏ లోటూ లేదు. థ్రాటిల్ విడిగా ఎడమచేతికి కావాలంటే టీ.ఫ్లైట్ హోటాస్ ఎక్స్. యుద్ధవిమానాలు నడిపేవాళ్ళకి అది బాగా నప్పుతుంది. నీకు సెస్నా లాంటి చిన్న విమానం కావాలి గనక దాని గురించి ఇంకేం రాయను.

యోకు మాట కూడా చెప్పేస్తాను. సెస్నాలో యోకే ఉంటుంది, నిజమే. కానీ సరసమైన ధరలో దొరికేవి మొత్తం తొంభై డిగ్రీలే తిరుగుతాయి, మధ్యలో ఎక్కడో పట్టేసినట్టుంటాయి. నూట ఎనభై డిగ్రీలు తిరిగే హనీకోంబ్ ఆల్ఫా లాంటిది కొంటే నీ పది వేలు ఏ మూలకీ చాలవు. పైగా దాన్ని బిగించడానికి గట్టి బల్ల కావాలి. నీ అద్దె ఇంట్లో ఉన్న మడత బల్ల ఆ బరువుకి ఊగిపోతుంది.

ఇప్పుడు కాళ్ళ దగ్గరికి వస్తాను.

సెస్నా 172లో కూచుని ఫుల్ పవర్ ఇచ్చావనుకో, ముక్కు ఎడమకి లాగుతుంది. పైలట్ సీట్లోంచి చూస్తే ప్రొపెల్లరు గడియారం ముల్లు తిరిగినట్టు కుడివైపుగా తిరుగుతుంది. అది వెనక్కి తోసే గాలి మెలికలు తిరుగుతూ వచ్చి తోకని ఒక పక్కనించి కొడుతుంది. ఇంజను తిప్పుడుకి బండి ఎదురు తిరగబోతుంది, ముక్కు లేచినప్పుడు ప్రొపెల్లరులో కిందికి దిగే రెక్క ఎక్కువ లాగుతుంది. అన్నీ కలిసి ఎడమకే. అందుకని నేల విడిచి చాలాసేపటిదాకా కుడికాలు నొక్కే ఉంచాలి. సిమ్యులేటర్లో ఆటో రడ్డర్ పెట్టుకుంటే ఇదంతా అదే చూసుకుంటుంది. కానీ అప్పుడు నువ్వు నేర్చుకోవలసింది సగం పోయినట్టే.

దిగేటప్పుడు మరీ కష్టం. నీకు తెలిసిన చోటే చెప్తాను. విశాఖలో నేవీవాళ్ళ ఐఎన్ఎస్ డేగా రన్‌వే, 10/28, మూడు కిలోమీటర్లు పైనే. 28 వైపు దిగుతున్నావు, అంటే ముక్కు 280 డిగ్రీల వైపు. నైరుతి గాలి 220 డిగ్రీల నించి పదిహేను నాట్ల (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) వేగంతో వీస్తోందనుకో. అరవై డిగ్రీల తేడా. లెక్క వేస్తే ఎడమ పక్కనించి పదమూడు నాట్లు నిన్ను అడ్డంగా తోస్తున్నాయి. సెస్నా 172ఎస్‌కి పరీక్షించి చూపిన అడ్డగాలి పదిహేను నాట్లు, అంటే దానికి దగ్గర్లోనే ఉన్నావు. ఎడమ రెక్కని గాలిలోకి కొంచెం దించాలి, కుడి రడ్డర్ నొక్కి ముక్కుని రన్‌వే వెంట తిన్నగా ఉంచాలి. మెలితిప్పే కర్రతో అదెలగ చేస్తావు చెప్పు? ఒకే మణికట్టు ఎడమకి వంగాలి, అదే మణికట్టు కుడికి మెలి తిరగాలి, అదే సమయంలో ముక్కు లేపడానికి వెనక్కి మెత్తగా లాగాలి. మెలితిప్పగానే తెలీకుండా కర్ర ముందుకో వెనక్కో కదిలిపోతుంది. నేను కొన్ని పదుల సార్లు దిగి దిగి నా చెయ్యే మొద్దనుకున్నాను. కాళ్ళకి పని అప్పజెప్పిన మొదటి సాయంత్రమే మూడుసార్లు వరసగా తిన్నగా దించాను బావా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రడ్డర్ పెడల్స్ కొనాలంటే మళ్ళీ స్టిక్కంత ఖర్చు. నేను చేసుకున్నాను, నువ్వూ చేసుకోగలవు. మా వీధి వడ్రంగి చేత రెండడుగుల చెక్క బద్ద కోయించాను. మధ్యలో బోల్టు, దానికి పాత బండి బేరింగు. బద్ద మళ్ళీ మధ్యకి రావడానికి రెండు పక్కలా మోటారుసైకిలు సైడు స్టాండు స్ప్రింగులు. బద్ద తిరిగినంతా కొలవడానికి 10కే (పది వేల ఓముల) లీనియర్ పాట్, దాని మీద బీ10కే అని ఉంటుంది. ఏ అని ఉన్నది తీసుకోకు, అది సౌండు మీటలకి వాడేది, సమంగా పెరగదు. కంప్యూటరుకి చెప్పడానికి ఆర్డుయినో ప్రో మైక్రో అనే చిన్న సర్క్యూటు బోర్డు. లియోనార్డో అయినా సరే. ఆ చిప్పు తనే జాయ్‌స్టిక్ అని కంప్యూటరుకి చెప్పుకోగలదు. పాత ఊనో (ఆర్3) మాత్రం కొనకు, తిన్నగా ఆ పని చెయ్యలేదు. పాట్ చివర్లు రెండూ ఐదు వోల్టులకీ గ్రౌండుకీ, మధ్య తీగ బోర్డు మీద ఏ0 అని ఉన్న చోటికి. అంతే. మొత్తం నాకు వెయ్యి లోపే అయింది.

ఒక పొరపాటు చేశాను, నువ్వు చెయ్యకు. పాట్‌ని తిన్నగా బోల్టుకే బిగించాను. పాట్ మొత్తం 270 డిగ్రీలు తిరుగుతుంది, నా బద్ద తిరిగేది నలభై. ఆర్డుయినో ఆ 270ని 1024 మెట్లుగా చదువుతుంది. అంటే నా నలభై డిగ్రీలకి నూట యాభై మెట్లే దక్కాయి. ముక్కు నున్నగా కాకుండా అంగలు వేస్తున్నట్టు కదిలేది. తరవాత బద్దకి పెద్ద కప్పీ, పాట్‌కి దాని నాలుగో వంతు చిన్న కప్పీ పెట్టి, మధ్యలో గట్టి దారం చుట్టాను. ఇప్పుడు పాట్ నూట అరవై డిగ్రీలు తిరుగుతోంది, ఆరు వందల మెట్లు. తేడా కాలికి తెలుస్తుంది. పాటే వద్దనుకుంటే 49ఈ అనే చిన్న హాల్ సెన్సరు, రెండు అయస్కాంతాలు చాలు. దాన్ని కుదుర్చుకోడానికి కొంచెం ఓపిక కావాలి.

ఇంకోటి. సైకిలు హ్యాండిలు కుడి చెయ్యి ముందుకి తోస్తే ముందు చక్రం ఎడమకి తిరుగుతుంది. రడ్డర్ బద్ద అలగ కాదు, కుడికాలు ముందుకి తోస్తే ముక్కు కుడికే తిరగాలి. తీగలు తారుమారు చేసి సైకిలు లెక్కన పెట్టుకున్నావంటే తరవాత అలవాటు పోగొట్టుకోడం కష్టం.

కర్ర పొడుగు గురించి ఒక్క మాట. పైడితల్లమ్మ జాతరలో పొడుగాటి సిరిమాను చూశావు కదా, కింద బండి జానెడు కదిలితే పైన పూజారిగారు ఎంత దూరం ఊగుతారో. స్టిక్‌కీ అదే లెక్క, వెనక్కి తిప్పి చూసుకో. బల్ల మీది కర్ర పొట్టిది, వేలెడు కదిపితే రెక్కలు సగం వాలిపోతాయి. కర్ర పొడుగైతే అదే వంపుకి చెయ్యి ఎక్కువ దూరం వెళ్ళాలి, కదలిక మెత్తబడుతుంది. పొడుగు చెయ్యలేం గనక సిమ్యులేటర్లో సెన్సిటివిటీ వంపు సవరించుకో, మధ్యలో మెత్తగా, చివర్లలో చురుగ్గా. డెడ్ జోన్, అంటే మధ్యలో కర్ర కొంచెం కదిలినా పట్టించుకోని చోటు, మాత్రం పెట్టకు. అది పాట్ వణుకుని దాచడానికి వాడేది, హాల్ సెన్సరుకి అక్కర్లేదు. దిగేటప్పుడు నీకు కావలసిన చిన్న చిన్న కదలికలన్నీ ఆ మధ్యలోనే ఉంటాయి, వాటినే అది మింగేస్తుంది. స్టిక్ మీద రెండు బటన్లు ట్రిమ్‌కి, అంటే కర్ర పట్టుకోకపోయినా ముక్కు ఉన్నచోటే నిలిచేలా చేసే సర్దుబాటుకి, కేటాయించు, మిగతావాటికి కీబోర్డు చాలు. ట్రిమ్ సరిగ్గా పెట్టుకుంటే కర్రని రెండు వేళ్ళతో పట్టుకోవచ్చు, పిడికిలి బిగించక్కర్లేదు.

తల తిప్పి చూడ్డానికి విడిగా పరికరం కొంటావేమో, వద్దు. ఓపెన్‌ట్రాక్ అని ఉచితంగా దొరుకుతుంది, నీ వెబ్‌క్యామ్‌తోనే మొహం ఎటు తిరిగిందో పట్టేస్తుంది. సిమ్యులేటరు కూడా కొనే ముందు ఫ్లైట్‌గేర్ దించుకో. అది 1997 నించీ ఉచితంగానే ఉంది, సెస్నా 172 అందులోనే వస్తుంది. నెల్రోజులు దాంతో తిరిగాక మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024నో ఎక్స్-ప్లేన్ 12నో ఆలోచించు.

పాత స్టిక్ ఎవరైనా అమ్ముతుంటే కంప్యూటరుకి పెట్టి విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరువు. కర్రని మెల్లగా గుండ్రంగా తిప్పు. ప్లస్ గుర్తు నున్నగా తిరగాలి. నాలుగు దిక్కులనించీ వదిలి చూడు, ప్రతిసారీ ఒకే చోటికి రావాలి. రాకపోతే చేతులు కట్టుకుని వచ్చెయ్.

చూడు బావా, మన రెండు జిల్లాలకీ విమానాలతో ఏదో ముడి ఉంది. 2014 నించి 2018 దాకా విమానయాన మంత్రి మా అశోక్ గజపతిరాజుగారు, 2024లో మీ శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడుగారు. భోగాపురంలో అల్లూరి పేరు మీద 3,800 మీటర్ల రన్‌వే. కోరుకొండ సైనిక్ స్కూలు ముందునించి బస్సు వెళ్తుంటే కిటికీలోంచి తల బయట పెట్టి చూసేవాళ్ళం, ఎప్పటికైనా మనమూ ఎగురుతాం అనుకుంటూ. నాకు ఆ మాట ఇంకా పోలేదు. నీకూ పోలేదని ఆ మెసేజీ చూడగానే తెలిసింది. అందుకే ఇంత రాస్తున్నాను.

ఇంక పని మాట. నీ కుర్చీకి చక్రాలుంటే తీసెయ్, లేదా మామూలు చెక్క కుర్చీ వెయ్యి. రడ్డర్ నొక్కగానే చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది. కూచుని మోకాలు కొంచెం వంచి, మడమ నేల మీద ఆనించి, కుర్చీ ముందు అంచు నించి మడమ దాకా ఎన్ని అంగుళాలో కొలిచి రాయి. మీ ఇంట్లో బల్ల కింద అడ్డపట్టీ ఉందా లేదా అదీ రాయి. వచ్చే ఆదివారం వడ్రంగి దగ్గరికి వెళ్తున్నాను, నీ బద్ద కూడా కోయిస్తాను. స్ప్రింగులు నా దగ్గర ఇంకో జత ఉన్నాయి. సిరిమానుకి వచ్చినప్పుడు పట్టుకెళ్దువు గాని. పాప నీకు తన సీటు ఇస్తానంటోంది, మావయ్య వస్తే డేగాలో దించి చూపిస్తుందిట.

నీ బావ