వ్యర్థాల పోటీకి బజారు ఖర్చు ఎందుకు?

సంపాదకులకు,

అయ్యా,

పర్లాకిమిడిలో నాది చిన్న టైలరింగ్ షాపు. బడుల్లో 'బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్', అంటే పారేసే వస్తువులతో పనికొచ్చేవి చేసే పోటీ పెట్టారంటే ఆ కబురు ముందు నాకే తెలుస్తుంది. "అక్కా, జరీ ముక్కలేమైనా ఉంటే ఇస్తావా, రేపే పట్టుకెళ్లాలట" అంటూ పొద్దుగూకే వేళకు తల్లులు వచ్చేస్తారు. ఊడ్చి పారేసే ముక్కలు, ఇవ్వడానికి నాకేం కష్టం లేదు. నా బాధల్లా వాళ్ల చేతిలో ఉండే ఇంకో సంచీ గురించి. కొత్త థర్మాకోల్ షీటు, మెరుపుల పొడి, రంగు పుల్లలు, గిఫ్ట్ పేపరు, అన్నీ అప్పుడే ఫ్యాన్సీ షాపులో కొన్నవి. ఇంట్లో ఖాళీ సీసా లేదని కూల్‌డ్రింకు కొని, పారబోసి మరీ సీసా సంపాదించినావిడా ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అలంకరణకు వాడే థర్మాకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. మిఠాయి పెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ పొర కూడా ఆ జాబితాలోదే. పర్యావరణం పేరు చెప్పి పోటీ పెట్టే బడి, పిల్లల చేత నిషేధించిన సరుకే కొనిపించడం ఏం పద్ధతి?

శుభ్రంగా ఉన్న అట్టపెట్టెనో ప్లాస్టిక్ డబ్బానో పాత సామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు. అదే డబ్బాకి జిగురు పూసి, మెరుపులు చల్లి, పూసలూ స్పాంజీ అంటించాక ముట్టుకోడు. ఎగ్జిబిషన్ అయిన మర్నాడు అది చెత్తబండి ఎక్కాల్సిందే. మన ఒడిశా పట్టణాల్లో చెత్త వేరుచేసే కేంద్రాల పని చాలాచోట్ల మహిళా సంఘాలే చూస్తున్నాయి. దేన్నుంచి దేన్నీ ఊడదీయలేని ఆ ముద్ద చివరికి ఆ ఆడవాళ్ల చేతికే వెళ్తుంది.

చేతిపనులు మానేయమని నేననడం లేదు. పైసా ఖర్చు లేకుండా చేయించమంటున్నాను. మిఠాయి పెట్టె ఒకటి, జాకెట్టు గుడ్డ ముక్క ఒకటి చాలు. రెండు చెంచాల మైదాని గ్లాసుడు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద తిప్పుతూ, తెలుపు విరిగి నిగనిగలాడగానే దించితే అదే జిగురు. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం వేస్తారు, అది విషం. పిల్లలు వేళ్లు పెట్టే పని కనుక మనకది వద్దేవద్దు, ఏ పూటకాపూట కాచుకోవడమే. గుడ్డని పెట్టె కొలత కంటే బొటనవేలంత ఎక్కువ కత్తిరించాలి. జిగురు గుడ్డకి కాకుండా అట్టకి, అదీ పలచగా రాయాలి, లేకపోతే మరకలు పైకి తేలతాయి. మూలల దగ్గర గుడ్డకి గాటు పెట్టి అంచు లోపలికి మడవాలి. తొందరపడి అందరూ చెడగొట్టేది ఇక్కడే. నీడన ఆరనిస్తే గాజులకో పెన్సిళ్లకో దారపు ఉండలకో ఏళ్ల తరబడి పనికొస్తుంది. నా షాపులో బొత్తాలన్నీ అలాంటి పెట్టెల్లోనే ఉంటాయి.

పాత కాగితాల్ని మెంతులతో నానబెట్టి, రోట్లో రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి బుట్టలు చేసిన అమ్మమ్మలు మన ఇళ్లలోనే ఉన్నారు. మీ పత్రిక పాత ప్రతులకి పకోడీల పొట్లాం కంటే అదే గౌరవం! పైగా పశువుల కొమ్ముతో దువ్వెనలూ బొమ్మలూ చేసే పనికి మా ఊరు పేరుమోసింది. ఆ పనివారిలో ఒకరిని బడికి పిలిచి, మర్యాదగా ఏదైనా ముట్టజెప్పి, గంటసేపు పిల్లల ముందు పని చేయించవచ్చు. ఎందుకనో ఆ ఆలోచన ఎవరికీ రాదు.

గజపతి జిల్లా విద్యాధికారులు వచ్చే పోటీల లోపు బడులకు ఒక సర్క్యులర్ పంపాలని కోరుతున్నాను. పని ఇంట్లో అమ్మల చేత కాక బడిలో పిల్లల చేతే చేయించాలి. కొన్న వస్తువు ఒక్కటి కనిపించినా మార్కులు తగ్గించాలి. మెరుపులు చూసి కాకుండా, దాన్ని ఇంట్లో దేనికి వాడతారో అడిగి బహుమతి ఇవ్వాలి. టిన్ను డబ్బాల అంచుల్ని పెద్దవాళ్లే సరిచేసి ఇవ్వాలి. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: పురుగుమందు డబ్బా ఎంత కడిగినా, ఎంత అందంగా ఉన్నా బడికి తేకూడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, ఒడిశా