1862 రూపాయి చుక్కల గురించి మా షాపు కస్టమర్లకి

అందరికీ నమస్కారం.

గత ఏడాదిగా మా దగ్గర 1862 రాణి రూపాయలు కొన్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. వాటిలో కొన్నిటి కవర్ మీద నేను రాసిచ్చిన వెరైటీ (అంటే చిన్న గుర్తుల తేడాని బట్టి చెప్పే రకం) తప్పు. ఇంకెవరినీ అనేది లేదు, చూసింది నేనే, రాసింది నేనే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. విక్టోరియా రాణి బొమ్మ వెండి రూపాయి మీద 1862 అనే అంకెను 1874 దాకా మార్చలేదు. మధ్యలో ఏ ఏడు కొట్టినా 1862 అనే ఉంటుంది. బొంబాయి టంకశాల మాత్రం కొట్టిన కాలం గుర్తుపట్టడానికి సన్నటి చుక్కలు పెడుతూ వచ్చింది. తారీఖు కింద ఒకటో రెండో, కొన్నిటికి ఇంకా ఎక్కువ. బొమ్మ అదే, 11.66 గ్రాముల బరువూ అదే. ఆవగింజలో సగం లేని చుక్కల లెక్కని బట్టే ధర మారుతుంది. సేకరించేవాళ్ళు అంత ప్రాణం పెట్టి చూసేదీ ఆ చుక్కలనే.

పోయిన నెల మా పాత కస్టమర్ ఒకాయన, రిటైరైన మాస్టారు, మా దగ్గరే కొన్న రెండు చుక్కల రూపాయి జేబులోంచి తీసి, "ఇలాంటిదే ఇంకోటి ఉంటే చూడవయ్యా, మా తమ్ముడికి ఇవ్వాలి" అన్నారు. నా దగ్గరున్న రెండు చుక్కల రూపాయి దాని పక్కన పెట్టి లెన్స్‌లో చూశాను. నా దాని మీద రెండు చుక్కలూ ఒకే ఎత్తులో, అంచులు తేరి, గుండ్రంగా ఉన్నాయి. మాస్టారి దాని మీద ఒక చుక్క అలాగే ఉంది. రెండోది కొంచెం పక్కకి జరిగి ఉంది. కాయిన్‌ని లైటు కింద వంచితే ఆ చుక్క పసుపు తిరిగింది. అప్పుడు అంచు చూశాను. పైనా కిందా ఆకురాయితో అరగదీసిన గుర్తులు కనిపించాయి.

అది టంకం. ఆ రూపాయి ఒకప్పుడు ఎవరి మెళ్ళోనో గొలుసులో బిళ్ళగా ఉండి ఉంటుంది. మన ఇళ్ళల్లో రాణి రూపాయలకి కొండీలు అతికించి వేసుకునేవాళ్ళు కదా. కొండీలు ఊడదీసినవాళ్ళు అంచు నున్నగా చేశారు, కారిన ఒక్క బొట్టు మాత్రం తారీఖు కింద ఉండిపోయింది. దాన్ని నేను చుక్కగా లెక్కపెట్టి, ఎక్కువ ధరకి అమ్మాను.

విషయం చెబితే మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంటికొచ్చిన ప్రతివాడికీ రెండు చుక్కలని చూపించాను కదయ్యా" అన్నారు. డబ్బు వెనక్కి ఇచ్చాను కానీ ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు.

ఆ రాత్రి షాపు మూశాక పాత ఫోటోలన్నీ తీశాను. చుక్కల పేరుతో ఏడాదిలో పదకొండు రూపాయలు అమ్మాను. మాస్టారిది కాక ఇంకో మూడింటి మీద అనుమానం ఉంది. ఆ ముగ్గురికీ ఫోన్ చేశాను. మిగతావాళ్ళు కూడా అనుమానం ఉంటే తీసుకురండి, లేదా పంపండి. తప్పని తేలితే పూర్తి డబ్బు, పంపిన ఖర్చుతో సహా ఇస్తాను. కాయిన్ మీరే ఉంచుకుంటానంటే మామూలు రూపాయి ధర పట్టుకుని మిగతాది వెనక్కి ఇస్తాను.

నేను ఎక్కడ పొరబడ్డానో కూడా చెప్పాలి, మీరు వేరే చోట కొనేటప్పుడు పనికొస్తుంది. డై అంటే నాణెం కొట్టే అచ్చు, దానిలో లోపలికి చెక్కింది నాణెం మీద పైకి లేస్తుంది. కాబట్టి డై పెచ్చు ఊడినా, తుప్పు పట్టి గుంట పడినా నాణెం మీద బొడిపె వస్తుంది. అది తారీఖు దగ్గర పడితే అచ్చం చుక్కలాగే ఉంటుంది. డై గుంటలో జిడ్డు, మట్టి నిండితే అసలు చుక్కే పడకపోవచ్చు. ఇక గీత లోపలికి ఉంటే అది ఎక్కువగా తర్వాత తగిలిన దెబ్బే. పైకి ఉబ్బి ఉంటే డైది అని నేను అనుకునేవాణ్ణి. అక్కడే దెబ్బతిన్నాను, ఎందుకంటే టంకమూ పైకే ఉంటుంది.

నమ్మదగిన పరీక్ష ఒక్కటే. ఒక డై వేల నాణేలు కొడుతుంది, దాని మీది గుర్తు ఆ నాణేలన్నిటి మీదా అదే చోట రావాలి. అదే గుర్తు, అదే చోట, రెండో నాణెం మీద కనబడేదాకా అది వెరైటీ అని నేనిక రాయను. అప్పుడు కూడా అది టంకశాల కావాలని పెట్టిన చుక్కా, ఊడిన పెచ్చా అన్నది విడిగా చూడాలి.

మన చార్మినార్ రూపాయల మీదా ఇదే జాగ్రత్త పడుతున్నాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేల్లో చార్మినార్ గుమ్మంలో 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాక అక్కడ 'ఐన్' వచ్చింది. హిజ్రీ 1330 రూపాయల్లో పొట్టి ఐన్, పూర్తి ఐన్ రెండూ దొరుకుతాయి. బాగా అరిగిన కాయిన్‌లో పూర్తి ఐన్ కూడా పొట్టిదిలా కనిపిస్తుంది. అందుకే గుమ్మం గీతలు స్పష్టంగా లేని కాయిన్ అయితే కవర్ మీద 'ఐన్ తెలియదు' అనే రాస్తున్నాను, ధర కూడా మామూలుదే.

ఈ మధ్య చాలామంది ఇప్పటి రూపాయి బిళ్ళల మీద సంవత్సరం కింద చుక్క ఉందని ఫోటోలు పంపుతున్నారు. అది నోయిడా టంకశాల గుర్తు. స్టార్ ఉంటే మన హైదరాబాద్‌ది. రెండూ అరుదైనవి కావు, వీడియోల్లో లక్షలు వస్తాయని చెబితే ఆశపడకండి.

ఒక్క విన్నపం. కాయిన్ తెచ్చే ముందు చింతపండుతోనో బూడిదతోనో తోమకండి. నల్లగా ఉన్నా పర్వాలేదు, అలాగే తీసుకురండి. తోమితే ముందు పోయేవి ఆ సన్నటి గుర్తులే, అవి పోయాక నేనూ ఏమీ చెప్పలేను. ఆదివారాలు మధ్యాహ్నం దాకా షాపులోనే ఉంటాను. కొనకపోయినా ఫర్వాలేదు, లెన్స్ మీ చేతికే ఇచ్చి రెండు కాయిన్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మాస్టారు ఇచ్చి వెళ్ళిన టంకం రూపాయి కూడా అందుకే అమ్మకుండా కౌంటర్ మీద పెట్టాను.