అడిగింది 308, అంటగట్టింది 300 మాగ్నమ్: రైఫిల్ మార్చి ఇవ్వాలని ఫిర్యాదు

స్టోర్ మేనేజర్ గారికి,
టెక్సస్.

విషయం: మొదటి రైఫిల్ కొనుగోలులో మీ సిబ్బంది ఇచ్చిన తప్పుడు సలహా, మార్పిడికి నిరాకరణ.

అయ్యా,

మీ యాజమాన్యం తెలుగువారే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. పోయిన నెల మీ దగ్గర కొన్న .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ (ఎక్కువ పౌడర్ పట్టే శక్తివంతమైన తూటా) రైఫిల్ నేను చెప్పిన పనికి పనికిరాదు. ఇది నా మొదటి రైఫిల్ అనీ, వేటకు కాదనీ, మా క్లబ్బు ఎఫ్-టీఆర్ పోటీల్లో (పడుకుని దూరపు టార్గెట్లను కాల్చే ఎఫ్-క్లాస్ పోటీలో ఒక విభాగం) 600 గజాలతో మొదలుపెట్టి 1000 గజాల దాకా వెళ్ళాలని ఉందనీ మీ సేల్స్‌మన్‌కి ముందే చెప్పాను. బరువైన బ్యారెల్‌తో .308 విన్‌చెస్టర్ తూటా కాల్చే రైఫిల్ చూపించమని అడిగాను.

"308 పాతబడిపోయిందండీ, లాంగ్ రేంజ్ అంటే మాగ్నమే" అంటూ ఆయన నాకు అమ్మింది కొండల్లో వేటకు మోసుకెళ్ళే తేలికపాటి రైఫిల్. ఎఫ్-టీఆర్‌లో అనుమతించేవి రెండే క్యాలిబర్లు (తూటా రకాలు): .223 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్. 300 మాగ్నమ్‌తో వెళ్తే ఎఫ్-ఓపెన్ అనే మరో విభాగంలో కాల్చాలి. అక్కడ పోటీపడేవి 10 కిలోల దాకా బరువుండే, ఆ పని కోసమే కట్టించుకున్న రైఫిళ్ళు. ఈ పోటీ పేరు చెప్పి మరీ అడిగిన మనిషికి తుపాకులు అమ్మేవాళ్ళు ఈ ఒక్క నియమమైనా చూసి చెప్పాలి కదా.

308 పాతదే, 1952లో వచ్చింది. అయితేనేం? తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, బ్యారెల్ దాదాపు ఐదు వేల రౌండ్లు నిలుస్తుంది. 300 మాగ్నమ్ బ్యారెల్ అందులో సగం రావడమే కష్టం. 6.5 క్రీడ్‌మూర్ చూపించి ఉన్నా నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఎఫ్-టీఆర్‌లో చెల్లకపోయినా, అది హార్నడీ అనే తూటాల కంపెనీ 2007లో టార్గెట్ షూటింగ్ కోసమే తెచ్చిన క్యాలిబర్. భుజానికి 308 కన్నా మెత్తగా ఉంటుంది, గాలికి బుల్లెట్ తక్కువ పక్కకు పోతుంది. నేర్చుకునేవాడికి అది న్యాయమైన సలహా.

కొత్తవాడికి కావలసింది ఎక్కువ తూటాలు కాల్చగలగడం. మాగ్నమ్ తూటాలో 308 కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా పౌడర్ పడుతుంది. ఆ తన్ను అంతా ఈ తేలిక రైఫిల్ నుంచి నా భుజానికే వస్తోంది. కొన్ని రౌండ్లు అయ్యేసరికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుపోతున్నాయి, భుజం బిగుసుకుంటోంది. ఈ అలవాటు ఒకసారి పడితే వదిలించుకోవడం ఎంత కష్టమో మా క్లబ్బులో పెద్దవాళ్ళు చెబుతుంటే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. రైఫిల్ ఎగిరిపడుతుంటే బుల్లెట్ ఎక్కడ తగిలిందో స్కోప్‌లో కనిపించదు. అది కనిపించకపోతే గాలిని చదవడం ఎలా నేర్చుకోను? పైగా సన్నని బ్యారెల్ త్వరగా వేడెక్కి గ్రూపు (టార్గెట్ మీద బుల్లెట్లు తగిలిన గుంపు) విచ్చుకుపోతోంది.

మీ షాపుకు ఫోన్ చేస్తే "మజిల్ బ్రేక్ బిగించుకోండి, సరిపోతుంది" అన్నారు. తన్ను తగ్గించడానికి బ్యారెల్ కొనకు బిగించే ఆ మజిల్ బ్రేక్ ఎఫ్-క్లాస్‌లో నిషేధం. దాని మీద కూడా నా చేత ఖర్చు పెట్టించబోయారు.

స్కోప్ సంగతీ అంతే. వెయ్యి గజాల దగ్గర 308 బుల్లెట్ ముప్పై అడుగులకు పైగా కిందికి దిగుతుంది, ఈ మాగ్నమ్ అయినా ఇరవై అడుగులు దాటుతుంది. దూరం మారినప్పుడల్లా స్కోప్ మీది టరెట్ (గురిని సరిచేసే మర) తిప్పి సరిచేసుకోవాలి. మీరు ఇచ్చినది టరెట్లకు మూతలున్న వేట స్కోప్. ఒక దూరానికి గురి కుదిర్చి (జీరో చేసి) వదిలేయడానికి తయారైనది.

మార్పిడి అడిగితే "కాల్చిన తుపాకీ వెనక్కి తీసుకోం, పాలసీ అంతే" అన్నారు. మనసు మార్చుకున్నవాళ్ళకు ఆ పాలసీ పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేను మనసు మార్చుకోలేదు. అప్పుడు అడిగిందే ఇప్పుడూ అడుగుతున్నాను.

నా రైఫిల్‌ను, స్కోప్‌ను బిల్లులో ఉన్న ధరకే తీసుకుని, బరువైన బ్యారెల్, 1:10 ట్విస్ట్ (పది అంగుళాలకు బుల్లెట్ ఒక చుట్టు తిరిగేలా ఉండే గాడి) ఉన్న .308 రైఫిల్‌ను, బయట తిప్పుకునే టరెట్లున్న స్కోప్‌ను ఇవ్వండి. ధరలో తేడా ఉంటే కడతాను. పెట్టె విప్పని మాగ్నమ్ తూటాలకు డబ్బు తిరిగి ఇవ్వండి. ఆ సేల్స్‌మన్‌ను ఉద్యోగంలోంచి తీసేయమని నేను అడగడం లేదు. ఆయనకు ఎఫ్-క్లాస్ నిబంధనలు చదివించండి. మొదటి రైఫిల్ కోసం వచ్చినవాళ్ళను ఏ దూరానికి, ఏ పోటీకి, నెలకు ఎన్ని తూటాలు కాలుస్తారు అని అడిగాకే క్యాలిబర్ చెప్పమనండి.

బిల్లు నకలు జతచేస్తున్నాను. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే రాష్ట్ర వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్