కింది ఫ్లోర్ అక్కకి, ఆ నర్సమ్మకి థ్యాంక్స్

ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో మాకిది మూడో చలికాలం. డిసెంబర్‌లో ఇక్కడ తొమ్మిదిన్నరకి తెల్లారి, మూడుంబావుకల్లా పొద్దుగూకుతుంది. మా విజయవాడలో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా 11 గంటలుంటుంది. ఇక్కడ 6 గంటల్లోపే, అదీ మబ్బు చాటున.

నవంబర్ నుంచి రాత్రి పది గంటలు పడుకున్నా కాళ్లు మంచం దిగేవి కావు. అన్నం వద్దు, స్వీట్లు మాత్రం డబ్బాలకి డబ్బాలు. ఉతికిన బట్టలు మెషీన్‌లోనే రెండేసి రోజులు. ఇంటికి ఫోన్ చేస్తే "అంత మంచి దేశంలో ఉండి నీకేం తక్కువ, అంతా బద్ధకం" అన్నారు. నేనూ నిజమేననుకున్నాను.

ఓ శనివారం అక్క గోంగూర సీసా పట్టుకుని వచ్చింది. సింకు చూసింది. ఏమీ అనలేదు. స్వెటర్ చేతులు పైకి లాక్కుని గిన్నెలు తోమేసి, అప్పుడడిగింది: "పోయినేడు కూడా నవంబర్లోనే కదే ఇలా అయ్యావు?" ఆ సంగతి నాకే తట్టలేదు! సోమవారం ఆఫీసు తరఫున చూసే నర్సు దగ్గరికి తనే తీసుకెళ్లింది. ఆవిడ అరగంట ఓపిగ్గా విని డాక్టర్‌కి పంపింది.

సీజనల్ డిప్రెషన్ అన్నారు, అంటే ఏటా ఒకే కాలంలో వచ్చిపోయే డిప్రెషన్. పొద్దుటి వెలుగు కంట్లో పడితేనే ఒంట్లో గడియారం సరిగ్గా నడుస్తుందట. ఆ వెలుగు లేక నాది వెనకబడింది. ఆఫీసు మొదలయ్యే వేళకి నా ఒంటికింకా అర్ధరాత్రే. "ఇక్కడ ఇడ్లీ పిండే పొంగదు, ఇంక మనుషులేం లేస్తారే" అని అక్క జోకు.

10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) ల్యాంప్ పెట్టుకోమన్నారు. లేవగానే అరగంట, మూరెడు దూరంలో, దానివైపు గుచ్చి చూడకుండా. నేను తెలివిగా సాయంత్రం పెట్టుకుని మూడు రాత్రులు గుడ్లగూబలా కూర్చున్నా. పొద్దున్నకి మార్చాక, రెండు వారాలకి కాస్త తేలికపడింది. కంటి జబ్బులున్నవాళ్లు, బైపోలార్ (మనసు ఓసారి విపరీతమైన హుషారుకీ, ఓసారి దిగులుకీ ఊగే జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు. విటమిన్ డి నేను ముందు నుంచీ వేసుకుంటూనే ఉన్నా, దాని ఒక్కదానితో నాకైతే ఏమీ మారలేదు.

నాకైతే ల్యాంప్ కంటే అక్క బయట తిప్పిన నడకే గట్టిగా పనిచేసింది. రోజూ మధ్యాహ్నం పన్నెండుకి బెల్లు. మబ్బు పట్టినా బయటి వెలుతురు ఇంట్లో లైట్లకి ఎన్నో రెట్లట. "రేపొస్తాలే అక్కా" అంటే వినేది కాదు, బూట్లు తెచ్చి కాళ్ల ముందు పడేసేది. చీకట్లో కార్లవాళ్లకి కనపడాలని ఇక్కడ అందరూ తగిలించుకునే మెరిసే బిళ్ల ఒకటి నా కోటుకి తనే పిన్ను పెట్టింది. అదింకా అలాగే ఉంది.

అక్కా, ముఖం మీద చెబితే "ఊరుకోవే" అంటావని ఇక్కడ రాస్తున్నా. నర్సమ్మకి తెలుగు రాదు కాబట్టి కార్డూ, సున్నుండలూ ఇచ్చొచ్చాను. నెలరోజులు వంటిల్లు తన నెత్తినేసుకున్న మా ఆయనకీ థ్యాంక్స్, ఆ సాంబార్‌ని క్షమించేశాను.

ఇప్పుడు మార్చి. పగలు రోజుకి ఐదు నిమిషాలకి పైనే పెరుగుతోంది. ల్యాంప్‌ని అటకెక్కించాను. ఈ చుట్టుపక్కల ఎవరికైనా కొనేముందు ఓసారి చూడాలనుంటే చెప్పండి, దింపుతాను.